ఛాయాచిత్రకళ – మా అనుభవాలు కొన్ని

ఛాయాచిత్రకళ యంత్రవిద్యయా, లలితకళయా అన్న చర్చ పాశ్చాత్య దేశాలలో కెమెరా పుట్టిన నాటినుండి సాగుతూనే వచ్చినది. ఆ చర్చను మేము ఇక్కడ తలకెత్తుకొనబోవడం లేదు. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో సెల్‌ఫోను లేనివారు అరుదు. సెల్‌ఫోను ఉన్నదనగా చేతిలో కెమెరా ఉన్నట్లే. పూర్వం పెండ్లికో, పరీక్ష హాల్‌టికెట్టుకో తప్ప ఫొటో దిగని కుటుంబాలలో నేడు దినానికి పదులకొద్ది చిత్రాలు తీస్తున్నారు. ఇన్నింటిలో పదేండ్ల తర్వాత మరల చూడదగినవి ఎన్ని మిగులునో అన్నదే మా సందేహం. ఆ సందేహం ఊరక కలిగినది కాదు. దాని కారణం తర్వాత చెప్పెదము.

ఈ సంచిక మధ్యపుటల కొరకు చిత్రాలు పంపవలసినదని నోటీసు బోర్డులో ప్రకటించగా నూటికి పైగా వచ్చినవి. వానిలో సగానికి పైగా గండికోట చిత్రాలే. అవి కూడ దాదాపు ఒకే చోట నిలబడి తీసినవి. ఇరువైపుల ఎర్రని రాతిగోడలు, నడుమ పెన్నానది, ముందు రెండు చేతులు చాచి నిలిచిన ఒక మిత్రుడు. ఒకదానిని తీసివేసి మరియొకదానిని ఆ స్థానంలో ఉంచినా, మిత్రుని చొక్కా రంగు తప్ప మరేమియు మారదు. ఉర్దూ విభాగం వారివి, తెలుగు విభాగం వారివి అని భేదం కూడ లేదు. చూచినవారు “చాలా బాగున్నది సార్” అన్నారు. బాగుండుట నిజమే. అయితే ఆ బాగు పెన్నానదిది, తీసినవారిది కాదు.

మా మామూజాన్‌గారికి జమ్మలమడుగులో చిన్న స్టూడియో ఉండేది. మేము బడిలో చదివే రోజులలో వేసవి సెలవులకు అక్కడికే పోయేవారము. ఫిల్ము కాలం చివరి రోజులవి. రీలుకు ముప్పది ఆరు చిత్రాలు. ఒక్కటి వ్యర్థమైనా కడిగే ఖర్చు, కాగితం ఖర్చు మీద పడేవి. అందుచేత ఆయన మాకు కెమెరా ఇచ్చేవారు కారు. ఒక పాత పెండ్లిపత్రిక అట్టకు నడుమ అగ్గిపెట్టె అంత కిటికీ కోసి, “దీనితో చూచి రా, ఏమి కనిపించినదో చెప్పు” అనేవారు. ఆయన పదేపదే అనే మాట ఒకటి ఉన్నది: “పైలే దేఖ్, ఫిర్ దబా.” ముందు చూడు, ఆ తర్వాత నొక్కు అని.

ఆ అట్టముక్క నేర్పిన పాఠం ఏ గ్రంథంలోను మాకు అంత తేటగా దొరకలేదు. అట్టను కంటికి దగ్గరగా పట్టుకొంటే వీధి యావత్తూ కిటికీలోకి వస్తుంది. చేయి చాచి పట్టుకొంటే ఎదుటి అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒక్కరే మిగులుతారు. వెడల్పు లెన్సుకు, దూరపు లెన్సుకు గల తేడా అంతే. కన్ను తనకు కావలసినదానిని మాత్రమే చూస్తుంది. అట్టలోని కిటికీకి ఆ పక్షపాతం లేదు. అరుగు మీది ముసలాయనతోబాటు ఆయన తలమీదుగా పోయే కరెంటు తీగను, ప్రక్కన వ్రేలాడే ఫ్లెక్సీని, గోడవారగా పడి ఉన్న పాత సైకిలు టైరును కూడ అది పట్టుకొంటుంది. ఏది ఉండవలెనో నిర్ణయించుట కంటె ఏది ఉండకూడదో నిర్ణయించుటే కష్టం. చిత్రంలోని కూర్పు అనగా అదే. ఉన్నచోటి నుండి రెండడుగులు ప్రక్కకు జరిగితే ఆ తీగ తలమీదనుండి తొలగుతుంది. మోకాలి మీద కూర్చుంటే ఫ్లెక్సీ పోయి ఆకాశం వస్తుంది. ప్రొద్దుటూరు బజారులో నేడు ఫ్లెక్సీ లేని నేపథ్యం దొరకుట దుర్లభం గనుక ఈ రెండడుగుల విద్య మనవారికి అందరికంటె ఎక్కువ అవసరం.

ఫిల్ము కంటె ముందటి కాలంలో ఈ నిదానం ఇంకను ఎక్కువ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద చిత్రాలు తీశారు. బరువైన కెమెరా, ముక్కాలి పీట, గాజు పలకల పెట్టెలు మోయించుకొని పోవలెను. ఆయనకు ఇచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అనగా చిత్రకారుడని ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఆయన గాజు పలకలు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి. ఒక్కొక్క పలకకు ఎంత శ్రమ పడవలసి వచ్చెనో తలచుకొంటే, అన్ని చిత్రాలలోను గీతలు ఎందుకు నిటారుగా ఉన్నవో, మనుష్యులు ఎందుకు ఒద్దికగా నిలిచినారో అర్థమవుతుంది.

ఇక కూర్పు విషయంలో అందరూ చెప్పే సూత్రం మూడు భాగాల సూత్రం. చిత్రాన్ని అడ్డంగా రెండు గీతలతో, నిలువుగా రెండు గీతలతో తొమ్మిది గదులు చేసి, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసేచోట ఉంచవలెనని దాని సారాంశం. 1797లో జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు ఈ పేరుతో దీనిని వ్రాసి పెట్టాడు. కెమెరా ఇంకా పుట్టని కాలమది. సెల్‌ఫోను కెమెరా సెట్టింగులలో ‘గ్రిడ్’ అని ఉన్నదానిని తెరిస్తే ఆ గీతలు తెరమీదికే వస్తవి. తెలుగు విద్యార్థులకు మేము దీనిని యతితో పోల్చి చెబుతాము. పద్యపాదంలో నాలుక విశ్రమించే చోటు యతి. చిత్రంలో కన్ను విశ్రమించే చోటు ఒకటి ఉండవలెను. అది ఎప్పుడును నట్టనడుమ ఉంటే కన్ను అక్కడికి పోయి ఆగిపోతుంది, మిగిలిన చిత్రాన్ని చూడదు. అట్లని యతి సరిపోయినంత మాత్రాన పద్యం కవిత్వం కాదు గదా! సూత్రం తెలిసిన తర్వాత దానిని అతిక్రమించుటకు కూడ అధికారం వస్తుంది. మసీదు మిహ్రాబును ఎదురుగా నిలబడి తీయునపుడు నట్టనడుమ ఉంచుటే న్యాయం.

గండికోటకు మరల వద్దాము. 1650లో మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల చేతినుండి ఈ కోటను గెలుచుకొన్నాడు. 1652లో ఆయనను చూడవచ్చిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు కోటకు పోవు దారిని గూర్చి వ్రాసినాడు. కొండను తొలిచిన ఇరుకు దారి, దాని కుడివైపున భయంకరమైన అగాధం, అగాధం అడుగున పెద్ద నది, ఈ వరుసలో చెప్పాడు. కెమెరా లేని మనిషి ఎంత చక్కగా కూర్చినాడో గమనించండి. ముందు దారి మన చూపును పట్టుకొని లోపలికి తీసికొనిపోతుంది, తర్వాత అంచు, చివరకు నది. లోయ అంచున నిలబడి నదిని మాత్రమే తీసేవారు ఈ దారిని విడిచిపెడుతున్నారు.

లోయ లోతు సుమారు మూడు వందల అడుగులు. చిత్రంలో అది ముప్పది అడుగుల వంక వలె కనిపించుటకు కారణం కొలత లేకపోవుటే. నాగార్జునసాగర్ జలాశయం క్రిందికి పోనున్న నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు విరివిగా తవ్వకాలు జరిపారు. ఆ శాఖవారు తీసే చిత్రాలలో శిథిలం ప్రక్కన గుర్తులు గీచిన కర్ర ఒకటి నిలబెట్టే అలవాటు ఉన్నది. కర్ర చూచినవానికి గోడ ఎత్తు తెలుస్తుంది. గండికోటలో మీ మిత్రుడే ఆ కర్ర. అతనిని కెమెరాకు మూడడుగుల దూరంలో గాక, చాల దూరంగా, అంచునకు సురక్షితమైన ఎడంలో నిలబెట్టి తీయండి. చిత్రంలో అతడు చిటికెన వ్రేలి గోరంత అయినపుడు లోయ తన నిజరూపం చూపుతుంది. ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. తెరలోకి చూస్తూ వెనుకకు అడుగు వేయవద్దు. చాలచోట్ల అక్కడ కటకటాలు లేవు. ఆ బండలు వానకు జారుతవి. స్వీయచిత్రం కొరకు అంచుకు పోవువారిని చూచి మాకు గుండె గుబగుబలాడిన సందర్భాలు లేకపోలేదు.

కోటలోపల జామా మసీదు ఉన్నది. దాని ఆవరణ చుట్టూ కమానుల వరుస. ఏ కమాను లోపల నిలబడినా ఎదుటి దృశ్యానికి రాతి చట్రం సిద్ధంగా ఉంటుంది. లోపలి నీడ నల్లగాను, వెలుపలి ఆవరణ వెలుగుగాను వస్తుంది. కన్ను తనంతట వెలుగు వైపే పోతుంది. కొంచెం తిరిగితే మీనారులు, మాధవరాయస్వామి గోపురం ఒకే చూపులో పడే చోటు దొరుకుతుంది. వచ్చిన నూరు చిత్రాలలో ఆ చిత్రం ఒక్కటి కూడ లేకపోవుట మాకు ఆశ్చర్యం కలిగించినది.

వెలుగును గూర్చి చెప్పకుండ ఈ వ్యాసం ముగించలేము. మన జిల్లాలో వేసవిలో పదకొండు గంటలనుండి నాలుగు గంటలవరకు వెలుగు నెత్తిన నిలబడి ఉంటుంది. ముఖం మీద కనుగుంటలు నల్లబడి అందరూ నిద్రలేనివారివలె కనిపిస్తారు. ఆ వేళ మనుష్యులను తీయవలసి వస్తే వసారా నీడలోకి పిలువండి. ఎదుటి సున్నపుగోడ మీదినుండి తిరిగివచ్చే వెలుగు ముఖం మీద మెత్తగా పడుతుంది. ప్రొద్దుపొడుపు తర్వాత ఒక గంట, ప్రొద్దుగుంకుటకు ముందు ఒక గంట వెలుగు ప్రక్కనుండి వస్తుంది గనుక రాతి గరుకుదనం, గోడ పగుళ్ళు, దున్నిన చాళ్ళు అన్నీ నీడలతో లేచి నిలుస్తవి. పులివెందుల వైపు చీనీ తోటలలోను, అరటి తోటలలోను మరొక సౌలభ్యం ఉన్నది. సూర్యుడు ఆకు వెనుకవైపున ఉండునట్లు నిలబడితే అరటి ఆకు దీపం వలె వెలుగుతుంది, ఈనెలు లెక్కపెట్టవచ్చును. సూర్యుడు మన వీపు వెనుకనే ఉండవలెనని పెద్దలు చెప్పే మాట పాత పెట్టె కెమెరాల కాలానిది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. కడప బండ నల్లనిది. కెమెరాలోని వెలుగుమాని ప్రపంచమంతయు నడితరపు బూడిదరంగు అని నమ్ముతుంది. నల్లని బండలు పరచిన నేలను చూపితే ‘ఇక్కడ వెలుగు చాలదు’ అనుకొని ఎక్కువ వెలుగు తీసికొంటుంది. బండ బూడిదరంగుకు దిగి దాని మెరుపు చచ్చిపోతుంది. తెల్లని లాల్చీలు ధరించి ఈద్గాలో బారులు తీరినవారిని చూపితే ‘వెలుగు మిక్కుటం’ అనుకొని తగ్గిస్తుంది; తెలుపు మాసినట్లవుతుంది. కనుక నల్లనిదానికి వెలుగు తగ్గించవలెను, తెల్లనిదానికి పెంచవలెను. వినుటకు ఇది తలక్రిందులుగా తోచును గాని నిజం. సెల్‌ఫోనులో తెరను వ్రేలితో తాకితే సాధారణంగా చిన్న సూర్యుని బొమ్మ వస్తుంది. దానిని క్రిందికి జరిపితే తగ్గుతుంది, పైకి జరిపితే పెరుగుతుంది. పెద్ద కెమెరా ఉన్నవారికి పాత ఫిల్ము పెట్టెల కాలం నాటి లెక్క ఒకటి కంఠస్థం చేయదగినది. నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్ 16 వద్ద ఉంచి, ఐ.ఎస్.ఓ. 100 అయితే షట్టర్ 1/125 సెకను పెట్టవలెను. దసరా రాత్రులలో ప్రొద్దుటూరు అమ్మవారిశాల వద్ద దీపాలంకరణలు తీసేవారు దీపం మీదనే వ్రేలుంచి వెలుగు తగ్గించుకొనకపోతే దీపాలన్నీ తెల్లని మచ్చలవుతవి. అప్పుడు మోచేతులు రెండును ప్రక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలి నొక్కవలెను. స్తంభానికి చేరగిలబడుట ఇంకను మేలు. వ్రేళ్ళతో తెరను లాగి బొమ్మను పెద్దది చేయుట మాత్రం వలదు. కాళ్ళతో నడిచి దగ్గరకు పోవలెను. అన్నిటికంటె ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. జేబులోని చెమట, నూనె లెన్సుకు అంటి చిత్రాలు మసకబారుట మేము నిత్యం చూస్తున్నాము.

వెలుగు గురించి ఇంకొక్క మాట. కెమెరా అనగా లాటిన్ భాషలో గది. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంటే వెలుపలి వెలుగు లోపల బొమ్మ కట్టుటను పదకొండవ శతాబ్దంలో కైరోలో ఉండిన ఇబ్నుల్ హైసమ్ శ్రద్ధగా పరీక్షించి, గ్రహణ సూర్యుని బొమ్మను గూర్చి ప్రత్యేకంగా వ్రాశారు. ఆయన ‘కితాబుల్ మనాజిర్’ దృష్టిశాస్త్రానికి పునాదిగ్రంథం. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. రేకుల ఇంటి కప్పులో మేకు రంధ్రం గుండా నేలమీద పడే గుండ్రని వెలుగుబిళ్ళ సూర్యుని బొమ్మయే. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం మన జిల్లాలో పాక్షికంగా కనిపించిన ఉదయం చెట్ల నీడలలో పడిన బిళ్ళలన్నీ నెలవంకలైనవి.

ఇంతవరకు చెప్పినది నేర్పు. ఇక మా సందేహానికి కారణం.

గాలేరు–నగరి పథకంలో భాగంగా పెన్నానది మీద కట్టిన గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. 2020లో నీటి నిలువ పెంచినపుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళను ఖాళీ చేయవలసి వచ్చినది. జలాశయం వలన కలిగే మేలును, పరిహారాల న్యాయాన్యాయాలను చర్చించుట ఈ వ్యాసపు పని కాదు. అట్లు నీటి పాలైన ఊళ్ళలో ఒకదానినుండి వచ్చిన విద్యార్థి ఒకరు మా తరగతిలో ఉండెను. ఊరిమీద వ్యాసం వ్రాయుమని చెప్పినపుడు అతడు తన ఇంటిని వర్ణించి వ్రాశాడు. చదివి, “ఇంటి ఫొటో ఉన్నదా నాయనా?” అని అడిగాము. “చాలా ఉన్నాయి సార్” అని ఫోను అందించాడు. నిజంగానే చాల ఉన్నవి, రెండు వందలకు తక్కువ ఉండవు. అన్నీ ముఖాలే. అతడు, అతని తమ్ముడు, మిత్రులు, పండుగనాడు కొత్త చొక్కాలు. ప్రతి చిత్రంలోను ముఖాలు అంచునుండి అంచువరకు నిండి ఉన్నవి. ఒకదానిలో చెవి ప్రక్కన అరచేయంత నీలిరంగు కనిపించినది. “అది మా తలుపు సార్” అన్నాడు. రెండు వందల చిత్రాలలో ఆ ఇంటివి మిగిలినవి ఆ అరచేయంత తలుపు, మరొకదానిలో అరుగు అంచు, ఇంకొకదానిలో వాళ్ళ అవ్వ చీరకొంగు. అవ్వ ఆ ఊరు వదలిన తర్వాత ఎక్కువ కాలం లేదట. అతడు ఫోనును తిరిగి తీసికొని, ఆ నీలిరంగును వ్రేళ్ళతో పెద్దది చేసి చూచుకొంటూ నిలబడ్డాడు. పెద్దది చేసిన కొద్దీ అది మసకబారినది.

కూర్పు అన్న మాటను ఆ దినం నుండి మేము వేరుగా బోధిస్తున్నాము. మనిషిని చట్రంలో మూడవవంతుకు జరుపుట అందం కొరకే కాదు. మిగిలిన రెండు వంతులలో ఇల్లు పడుతుంది. నాగార్జునకొండను చిత్రించుటకు ఒక ప్రభుత్వశాఖ వచ్చినది. మన మట్టిమిద్దెకు ఏ శాఖయు రాదు. మనమే తీసికొనవలెను.

ఇల్లు ఎట్లు తీయవలెనో క్లుప్తంగా చెప్పెదము. ముందు వీధికి అవతలివైపు నిలబడి, ఎడమ కుడి పొరుగిండ్లు కొంచెం పడునట్లు ఒకటి తీయండి. తర్వాత గడప, తలుపు, తలుపు మీది గొళ్ళెం. లోపలికి పోయి గదిమూలలో వీపు ఆనించి నిలబడితే ఎదుటి రెండు గోడలు వస్తవి. పాత మిద్దెలలో వెలుగు కొరకు కప్పులో ఉంచే గవాచి క్రింద మధ్యాహ్నపు వేళ పెద్దవారిని కూర్చుండబెట్టండి; మిద్దె లోపలి చీకటిలో ఆ ఒక్క వెలుగు ముఖం మీద పడితే ఏ స్టూడియో దీపమూ దానికి సాటి రాదు. వారిని కెమెరావైపు చూడమనవద్దు. బియ్యం చెరుగుతున్నా, తస్బీహ్ త్రిప్పుతున్నా, వక్కలు కత్తిరిస్తున్నా అట్లే ఉండనివ్వండి. చేతులు తప్పక పడవలెను. చిత్రం తీయుటకు ముందు మాత్రం “తీసుకోవచ్చునా అవ్వా?” అని అడుగుట మరువకండి. పరదా పాటించే ఇండ్లలో ఈ అనుమతి మరింత అవసరం. వద్దన్నచోట వారి చేతులు, వారు కుట్టిన బొంత, వారు కూర్చునే మంచం చాలును. వీధిలో పనిచేసేవారి విషయంలో కూడ ఇంతే. బండలు మోసే కూలీ మనకు బొమ్మ కాదు.

ఇది ముంపు ఊళ్ళవారికే అనుకోకండి. జమ్మలమడుగులో మామూజాన్‌గారి స్టూడియో ఉన్న వరుస అంతయు నేడు లేదు; రోడ్డు వెడల్పులో పోయినది. పులివెందులలో మేమెరిగిన మిద్దెలు కొన్ని మూడంతస్తుల మేడలైనవి. ప్రొద్దుటూరులో సున్నపు గోడలు, చెక్కపలకల తలుపులు గల అంగళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నవి, అద్దాల ముంగిళ్ళు వచ్చులోగా వానిని తీయవచ్చును.

రాబోవు సంచికకు మేము కోరునది ఒక్కొక్కరినుండి ఒక్క చిత్రమే: మీ ఇల్లు గాని, మీ వీధి గాని, అందులో మీవారు ఒకరు. ఫోను పోయినా, పగిలినా చిత్రాలు దానితోనే పోవును గనుక మంచివానిని ఏరి, స్టూడియోలో కాగితం మీద వేయించండి. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో ఊరిపేరు, తేదీ, అందులో ఉన్నవారి పేర్లు వ్రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది. సంచిక అచ్చయిన తర్వాత ప్రతులు తిరిగి ఇచ్చివేయబడును.